చొక్కా వన్నెయు తొలి యాటయు

వేసవి వచ్చినదన్న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణముల యిండ్లలో రాత్రి భోజనముల వేళ క్రికెట్టు ముచ్చటయే. హైదరాబాదు జట్టువారి నారింజవన్నె చొక్కా కలిసివచ్చునా యని యొకరు, తొలి యాట గెలిచితిమి గనుక కప్పు మనదే యని మఱియొకరు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మన్నట్లు!

2008లో హైదరాబాదు పక్షమున నాడిన దక్కను ఛార్జర్సు జట్టు ఎనిమిదింట కడపటిది. మఱుసటి యేడు చొక్కా వన్నె మార్చి, మొదటి నాలుగాటలును గెలిచి, తుదిపోరులో 6 పరుగుల తేడాతో కప్పు నందుకొనెను. చొక్కాను మెచ్చువారు ఆ యేడు నాయకుఁడు గిల్‌క్రిస్టు చేసిన 495 పరుగులను మఱవరాదు.

2025 మార్చి 23న హైదరాబాదువారు తొలి యాటలోనే 286 పరుగులు కూర్చిరి. పిమ్మట వరుసగా నాలుగాట లోడి, కడకు ఆఱవ స్థానమున నిలిచిరి. చొక్కా మాత్రము మాఱలేదు.

ఈ ముచ్చట విన్నపుడెల్ల మాకు మన యిండ్లే తలఁపునకు వచ్చును. క్రొత్తకోడలి చీర చూచి, మొదటి వారపు వంట రుచి చూచి, గుణము తేల్చు అత్తగారికిని ఈ యభిమానులకును భేదమేమి? తొలినాఁడు కూర మాడ్చిన పిల్లయే తరువాత నిల్లు నిలుపవచ్చును. అమ్మలారా, మీ కోడలికిని ఒక్క యేడు గడువిండు.