నూరు ఖానాల కాగితం

మా ఆపా కూతురు ఏడో తరగతి. ఫీసదీ లెక్కలు గడగడా చేసేస్తుంది. "25 శాతం అంటే ఏంటి బేటీ?" అని అడిగితే మాత్రం ఖామోష్. కాసేపాగి, "ఫార్ములా చెప్పనా మామూ?" అంది.

కాగితం మీద అడ్డం పది, నిలువు పది గళ్లు గీయించాను. మొత్తం 100 ఖానాలు. 25 ఖానాలకు రంగు వేయగానే, "అరే, ఇది పావు కదా!" అంది.

అప్పుడు అసలు సవాల్ వేశాను. కుట్టుమిషన్ కోసం ఆపా తెచ్చిన కర్జాకు నూటికి 3 రూపాయల సూద్. మన దగ్గర ఆ మాట నెల లెక్కే. 3 ఖానాలు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. నెలకు మూడేసి నింపుతూ పొమ్మన్నాను. ఏడాది తిరిగేసరికి 36 నిండాయి. అసలు మాత్రం అలాగే ఉంది. ఆపా మిషన్ ఆపి కాగితం వైపు చూసింది.

నూటికి, శాతం, ఫీసదీ: మూడు మాటల్లోనూ నూరు ఉంది. ఆ నూరును కళ్లకు చూపించకుండా ఫార్ములా రటాయించడం బచ్చాలకు నాఇన్సాఫీ అని నా ఖయాల్. సిలబస్ పూర్తి కాదంటారు ఉస్తాదులు. రంగు వేయడానికి ఎంత వఖ్త్ పడుతుంది జనాబ్?

అయితే ఖానాలతోనే అన్నీ తేలవు. 100 రూపాయల సరుకుపై 20 శాతం పెంచి, మళ్లీ 20 శాతం తగ్గిస్తే 96 అవుతుంది, 100 కాదు. రెండోసారి తగ్గించేది 120 మీద. దానికి పొడుగు పట్టీలు గీయాలి. రేపు అవే గీస్తాం.