రాతి మీది అక్షరం అందరికీ కనబడాలి

మన రాయగడ, కోరాపుట్ ప్రాంతంలో పాత శాసనాలు ఉన్నాయని వింటూనే ఉంటాం. వాటి మీద అక్షరం ఎలా ఉంటుందో చూసినవాళ్లు మనలో ఎంతమంది? గుణుపురం దగ్గర పద్మపూర్‌లో జగమండ కొండ ఉంది. అక్కడ ఏడో శతాబ్దపు శాసనం ఉందనీ, గొప్ప బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి మఠం ఆ కొండమీదే ఉండేదని దానివల్ల తెలుస్తోందనీ పర్యాటక సమాచారంలో రాస్తారు. ఇది చిన్న మాట కాదు. టిబెట్‌లో నేటికీ చదివే పండితుడు మన జిల్లాలో ఉన్నాడంటున్నారు! అయితే ఏ పంక్తిలో, ఏ అక్షరాలు చూసి అన్నారు? అది అబద్ధమని నేను అనడం లేదు. చూపించండి అంటున్నాను.

చూపించడం ఒకప్పుడు కష్టమే. తడి కాగితాన్ని రాతికి అంటించి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీసేవారు. ఉమర్‌కోట్ దగ్గరి పోడాగడ శాసనాన్ని సి.ఆర్. కృష్ణమాచార్లు గారు ఎపిగ్రాఫియా ఇండికా 21వ సంపుటంలో ప్రచురించారు. పాడుబడిన పుష్కరి నగరాన్ని నల వంశపు రాజు స్కందవర్మ మళ్లీ నిలబెట్టి, విష్ణువుకి ఆలయం కట్టించాడని అందులో ఉంది. 1992 దాకా ఆ చోటు మన అవిభక్త కోరాపుట్ జిల్లాయే. కానీ ఆ కథ ఇంగ్లీషు సంపుటంలో ఉండిపోయింది. 1936 ఏప్రిల్ 1 వరకు మనం మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేవాళ్లం. తర్వాత ఒడిశాలోకి వచ్చాం. తెలుగువాళ్లు ‘అది ఒడిశాది కదా’ అంటారు, ఇటువాళ్లు ‘అది పాత మద్రాసు వాళ్ల పని’ అంటారు. మధ్యలో రాయి ఎండకి ఎండి, వానకి తడుస్తోంది.

ఇప్పుడు ఆ కష్టం లేదు. కెమెరాని కదపకుండా పెట్టి, లైటుని ఒక్కోసారి ఒక్కో పక్కనుంచి వేస్తూ చాలా ఫొటోలు తీస్తారు. కంప్యూటర్ వాటిని కలిపితే కంటికి ఆనని గీత కూడా నీడతో బయటపడుతుంది. రాయి చుట్టూ తిరిగి తీసిన ఫొటోలతో త్రీడీ నమూనా తయారవుతుంది. బెంగళూరులో మిథిక్ సొసైటీ వాళ్లు తమ ఊరి శాసనాలను ఇలాగే త్రీడీ స్కానింగ్ చేస్తున్నారు. అమరావతి, నాగార్జునకొండ వంటి చోట్ల దొరికిన తొలి శాసనాల పాఠాలను ఫ్రాన్స్ పండితులు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. అమరావతి శాసనానికి దొరికిన గౌరవం పద్మపూర్ శాసనానికి ఎందుకు దొరకదు?

‘పిల్లలకి ఫోన్ ఇస్తే పాడైపోతారు, శాసనాలు ప్రొఫెసర్ల పని’ అని పెద్దలు అంటారు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి, హెర్క్యులేనియంలో పపైరస్ చుట్టలు బొగ్గయిపోయాయి. విప్పితే పొడైపోతాయి. 2023లో ల్యూక్ ఫారిటర్ అనే 21 ఏళ్ల అమెరికా విద్యార్థి, స్కానింగ్ బొమ్మల మీద కంప్యూటర్ ప్రోగ్రాం నడిపి, విప్పని చుట్టలో ఊదారంగు అనే గ్రీకు మాటను బయటపెట్టాడు. ఆ స్కానింగులు అందరికీ ఇచ్చారు కాబట్టే అతను చేయగలిగాడు. తాళం వేసి ఉంచితే ఎవరు చేసేవారు?

‘అయితే ఏఐ అన్నీ చదివేస్తుందిగా, మనమెందుకు?’ అనే మిత్రులకీ జవాబు అక్కడే ఉంది. కంప్యూటర్ సిరా జాడ చూపించింది. అది ఏ మాటో గ్రీకు లిపి నేర్చినవాళ్లే తేల్చారు. మనకి బ్రాహ్మీ గుణింతం రాకపోతే ఎంత మంచి ఫొటో అయినా గీతల బొమ్మే.

‘ఇంటర్నెట్‌లో పెడితే గుప్తనిధుల దొంగలు తవ్వేస్తారు’ అన్న భయం మాత్రం నిజమైనదే. అందుకే కాపలా లేని చోట్ల అక్షరాలు చూపించి, దారి చూపించకూడదు. కానీ భయపడి ఊరుకుంటే సున్నం, ఆయిల్ పెయింటు ఊరుకోవు. గుడి బాగుచేయిస్తున్నామని భక్తితోనే గోడకి రంగు వేయిస్తారు, శాసనం దాని కింద పడిపోతుంది. దొంగ తీసుకెళ్లినా, పెయింటు కప్పేసినా చదివేవాడికి నష్టం ఒక్కటే.

మా తరం నిరూపణ లేని గొప్పలు వద్దంటోంది. ‘ఇది మా తెలుగువాళ్లది’, ‘కాదు, మా ఒడియావాళ్లది’ అని పోట్లాడుకునే ముందు ఇద్దరం ఒకే ఫొటో ముందు కూర్చుందాం. పోడాగడ శాసనం సంస్కృతంలో ఉంది. అది మనిద్దరి తగువూ తీర్చేలా లేదు.

గుడి కమిటీ పెద్దలకి మనవి: రంగు వేయించే ముందు గోడమీద రాత ఉందేమో చూడండి. మాస్టార్లకి మనవి: వారానికి ఒక పీరియడ్ పాత లిపి నేర్పించండి. తోటి విద్యార్థులకి: పెద్దల అనుమతి తీసుకోండి. రాతికి సుద్ద, నూనె, పసుపు ఏదీ రాయొద్దు. పక్కనుంచి వెలుగు వేసి, స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఊరు, తేదీ రాసి ఒక కాపీ బడికి, ఒకటి గుడికి ఇవ్వండి. పురావస్తు శాఖవారు వచ్చి స్కాన్ చేసేదాకా మన బడి బీరువాలో ఆ ఫొటోలైనా ఉండాలి.