ఊరు విడిచినంత మాత్రాన చదువు వచ్చునా?

వేసవి వచ్చిందంటే మన పల్లెలకు రెండు రకాల బేరగాళ్ళు వస్తారు. మామిడి తోటలో కాపు చూసి బేరమాడేవారు ఒకరు. పదో తరగతి పిల్లల జాబితా చేతపట్టుకొని ఇల్లిల్లూ తిరిగే కార్పొరేటు కళాశాలల పీఆర్వోలు రెండవవారు. మొదటివారు కాయను చూసి ధర కడతారు. రెండవవారికి ఆ పట్టింపు లేదు. పిల్లవాడి మొగమైనా చూడకుండా, ఫలితాలైనా రాకముందే, తండ్రిచేత అడ్వాన్సు కట్టించుకొని పోతారు.

"మావాణ్ణి ఎక్కడ వెయ్యమంటారు మాస్టారూ?" అని ముప్పైనాలుగేళ్ళ నా ఉద్యోగంలో ఎందరు తండ్రులు అడిగారో లెక్కలేదు. చదువరులు ఈ 'వెయ్యడం' అన్న క్రియను గమనింపవలె. ఎరువు వేస్తాము, తాళం వేస్తాము, పిల్లవాణ్ణి కళాశాలలో వేస్తాము. ఈ వాక్యంలో తండ్రి కర్త, పిల్లవాడు కర్మ. చదవవలసినవాడు ద్వితీయా విభక్తిలో నిలబడి ఉండగా ఇంట్లో నిర్ణయం జరిగిపోతుంది. నా అభియోగమంతా ఇక్కడే మొదలవుతున్నది.

పదిహేనేళ్ళవాడు ఊరు విడవరాదని నేననను. లోకం చూడనివాడికి పద్యం చెప్పినా సగమే ఎక్కుతుంది. కాని విజయవాడకో హైదరాబాదుకో వెళ్ళిన పిల్లవాడు చూస్తున్న లోకమేది? తెల్లవారకముందే స్టడీ అవరు, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవరు, ఆదివారం పరీక్ష, మార్కులనుబట్టి సెక్షను. రెండేళ్ళు విజయవాడలో ఉండి కృష్ణ ఒడ్డున ఒక సాయంత్రమైనా కూర్చోని పిల్లలు కోకొల్లలు. వీరు ఊరు విడిచారు గాని మరొక ఊరు చేరలేదు. ఇంటినుండి ఒక గదికి మారారు, అంతే.

ఇంటితోపాటు భాషనూ విడిపిస్తున్నారు. పదో తరగతి దాకా తెలుగు చదివినవాడిచేత ఇంటరులో ద్వితీయ భాషగా సంస్కృతం పట్టిస్తారు. గీర్వాణం మీద భక్తితోనా? కాదు, మార్కులు ధారాళంగా పడతాయని. సంస్కృతం చదువుకున్నవాణ్ణిగనుక చెబుతున్నాను: ఇది తెలుగుకు ఎంత ద్రోహమో సంస్కృతానికీ అంతే అవమానం.

"పూర్వులు మాత్రం ఊరు విడిచి చదువుకోలేదా?" అని కొందరు మిత్రుల ఆక్షేపణ. చదువుకున్నారు. వారాలు చేసుకొని, రోజుకొక ఇంట తిని చదివారు. ఆ బ్రతుకులో అవమానం ఉన్నది, ఆకలి ఉన్నది. అయినా ఏడిళ్ళ మనుషులు తెలిసేవారు, ఊరివాడని కనిపెట్టి చూసేవారు. తరవాత 1971లో సర్వేలులో, 1972లో తాడికొండలో గురుకుల పాఠశాలలు వెలిశాయి. గురుశిష్యులు ఒకే ఆవరణలో కలిసి బ్రతకాలన్నది వాటి మూలసూత్రం. వార్డెనుకు తాళంచెవి అప్పగించే ఏర్పాటును వాటి సరసన నిలబెట్టడం న్యాయమా?

ఈ ఏర్పాటు ఫలమేమిటో ప్రభుత్వాలకు తెలియనిది కాదు. కార్పొరేటు కళాశాలల విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లోనే నీరదా రెడ్డి గారి సంఘం వేశారు. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య చక్రపాణి గారి సంఘం వేశారు. 2023లో విశాఖపట్నంలో నీటు శిక్షణకు వచ్చిన ఒక బాలిక వసతిగృహంలో ఉంటూ మరణించగా, ఆ తండ్రి న్యాయపోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2025 జులైలో న్యాయస్థానం దేశమంతటికీ మార్గదర్శకాలు విధించింది. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్నచోట కౌన్సెలరు ఉండాలన్నది ఒకటి, మార్కులనుబట్టి పిల్లలను వేరు చేయరాదన్నది మరొకటి. ఫీజు కట్టేనాడు ఈ రెండింటినీ గురించి అడిగే తండ్రులెందరు? భోజనంలో కోడిగుడ్డు ఉంటుందా అని అడుగుతారు, ఏసీ గది ఉందా అని అడుగుతారు.

మరి ఇంటిపట్టున ఉంచినవారందరూ ధన్యులా? అదీ ఒప్పుకోను. కొడుకును అప్పు చేసి పట్టణం పంపి, కూతుర్ని "ఆడపిల్లకు దూరాభారం ఎందుకు" అని పక్కవీధి కళాశాలలో ఆపే ఇళ్ళు నేనెరుగుదును. ఆ పిల్లకే ఎక్కువ మార్కులు వచ్చి ఉంటాయి. వెళ్ళనన్నవాణ్ణి పంపడమెంత దౌర్జన్యమో, వెళతానన్నదాన్ని ఆపడం అంత దౌర్జన్యం. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ట్రిపుల్ ఐటీలు పెట్టినది పల్లె పిల్లలకోసమే. పదో తరగతి మార్కులతో ఆరేళ్ళ చదువు దొరుకుతుంది. అక్కడా లోపాలు లేవనను. అయినా సీటు వచ్చిన ఆడపిల్లను పంపడానికి వెనుకాడే తండ్రిని నేను సమర్థించలేను.

మండలంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలను "అక్కడేముంది మాస్టారూ" అని కొట్టిపారేస్తారు. చాలాచోట్ల నిజమే, అధ్యాపకులు చాలరు, ప్రయోగశాలలో పరికరాలుండవు. కాని ఏడాదికి లక్షకు పైబడి కట్టగల కుటుంబాలు ఊరికి పదుల సంఖ్యలో ఉన్నాయే, అందులో ఒక్కరైనా ఖాళీలు నింపమని శాసనసభ్యుణ్ణి నిలదీశారా? కలిగినవాడు పిల్లవాణ్ణి తీసుకొని వెళ్ళిపోతాడు. అడిగే నోరు వెళ్ళిపోయాక, ఆర్టీసీ పాసు మీద వచ్చే పేదపిల్లలకు మిగిలేది ఆ ఖాళీ కుర్చీలే. ఒకని వలస మరొకని చదువును పాడుచేయడమంటే ఇదే.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. అడ్వాన్సు కట్టకముందు పిల్లవాణ్ణో పిల్లనో కూర్చోబెట్టి అడగండి: నీకేం చదవాలని ఉంది? ఎక్కడుండి చదవగలవు? అక్కడ ఇమడలేకపోతే వెనక్కి రావచ్చునని నమ్మకం ఉందా? ఈ మూడవ ప్రశ్నకు "ఉంది" అని జవాబు రానంతవరకు బిడ్డను గడప దాటించకండి. ఆ నమ్మకం కలిగించవలసినవారు మీరే, కళాశాల కాదు. కట్టిన ఫీజు పోతే పోయింది, ఇంటికి రా అని చెప్పగలిగిన తండ్రి, బిడ్డను ఏ దూరానికైనా పంపవచ్చు.

స్వస్తి.