రాష్ట్రపతి భవన్ కన్నా స్టూడియో దూరమా?

కెనడా గవర్నర్ జనరల్‌గా 2005 సెప్టెంబరు 27న మికాయెల్ జాన్ ప్రమాణ స్వీకారం చేశారు. ఆమె హైతీలో పుట్టారు. డువాలియే నియంతృత్వంలో తండ్రి చిత్రహింసలకు గురికాగా, 1968లో ఆ కుటుంబం శరణార్థులుగా కెనడా చేరింది. బ్రిటిష్ రాణి ప్రతినిధిగా ఆ దేశపు అత్యున్నత రాజ్యాంగ పీఠం మీద కూర్చున్న తొలి నల్లజాతి వ్యక్తి ఆమె. తన పూర్వికులు బానిసలన్న సంగతిని ఆమె ఎన్నడూ దాచుకోలేదు. అయితే ఆ పీఠానికి ఆమె ఏ పార్టీ కార్యాలయం నుంచో, ఏ చట్టసభ నుంచో రాలేదు. 1988లో ప్రభుత్వ ప్రసార సంస్థ రేడియో-కెనడాలో విలేకరిగా చేరారు, వార్తలు చదివారు, డాక్యుమెంటరీ కార్యక్రమాలు నడిపారు. టెలివిజన్ తెర మీది నుంచి నేరుగా రాజ్యాంగ పదవిలోకి నడిచారు. కులం గురించి ఆలోచించేవారు ఈ ప్రయాణాన్ని మరొకసారి పరిశీలించవలసి ఉన్నది.

ఎందుకంటే ఆమెది ఒంటరి ఉదంతం కాదు. 1984లో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ జీన్ సోవే, 1995లో వచ్చిన తొలి అకేడియన్ రోమియో లెబ్లాన్, 1999లో వచ్చిన తొలి చైనా సంతతి మహిళ ఎడ్రియన్ క్లార్క్‌సన్, 2021లో వచ్చిన తొలి ఆదివాసీ మేరీ సైమన్ - వీరందరూ ఏదో ఒక దశలో అదే ప్రభుత్వ ప్రసార సంస్థలో పనిచేసినవారే. ఇన్యూట్ తెగకు చెందిన మేరీ సైమన్ యువతిగా ఉత్తర ప్రాంత రేడియోలో ప్రోగ్రాములు తయారుచేశారు, అనౌన్సర్‌గా మాట్లాడారు. ఆ పీఠాన్ని చేరిన ఈ ‘తొలి’ వ్యక్తులందరూ అంతకు ముందే ఒక మైకు ముందు కూర్చొని ఉండటం కేవలం యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఇందులో అతిశయోక్తికి తావివ్వరాదు. సోవే, లెబ్లాన్ మధ్యలో ఎంపీలుగా, మంత్రులుగా పనిచేశారు. సైమన్ దశాబ్దాల పాటు తన ప్రజల హక్కుల కోసం పోరాడారు. మైకు ఒక్కటే వారిని అక్కడికి చేర్చలేదు. కానీ దేశం ఒక మనిషి గొంతును తన గొంతుగా అలవాటు చేసుకోవడానికి కొంత కాలం పడుతుంది. ఆ అలవాటు స్టూడియోలో మొదలవుతుంది. రోజూ రాత్రి మన ఇంట్లోకి వచ్చి లోకవార్త చెప్పే మనిషిని రేపు రాజ్యాంగ పదవిలో చూడడానికి మన మనసు పెద్దగా తిరగబడదు.

స్టూడియో తలుపు ఎలా తెరుచుకుంటుందన్నదే అసలు ప్రశ్న. కెనడా 1986లో ఉపాధి సమానత్వ చట్టం చేసింది. మహిళలు, ఆదివాసులు, వికలాంగులు, శ్వేతేతర జాతులవారు తమ ఉద్యోగుల్లో ఎందరున్నారో ఏటా ప్రభుత్వానికి లెక్క చెప్పవలసిన బాధ్యతను సమాఖ్య పరిధిలోని పెద్ద సంస్థలపై పెట్టింది. బ్యాంకులు, రవాణా సంస్థలతో పాటు ప్రసార సంస్థలు కూడా ఆ పరిధిలోకి వస్తాయి. ప్రైవేటు చానళ్లకూ మినహాయింపు లేదు. మన దేశంలో ఈ మాట అంటే ప్రతిభకు ప్రళయం వచ్చినట్లు గగ్గోలు పుడుతుంది.

కెనడాను ఆదర్శ రాజ్యంగా చూపడం నా ఉద్దేశం కాదు. జాన్ పేరు ప్రకటించిన వెంటనే ఆమె దేశభక్తిపై అనుమానాలు రేగాయి. ఆమె, ఆమె భర్త క్యూబెక్ వేర్పాటువాదుల సానుభూతిపరులన్న ఆరోపణలు వచ్చాయి. తాము ఏనాడూ వేర్పాటువాద పార్టీలో లేమని ఆమె ప్రకటించుకోవలసి వచ్చింది. వివాహం ద్వారా లభించిన ఫ్రెంచి పౌరసత్వాన్ని కూడా పదవి చేపట్టే ముందు వదులుకున్నారు. అంచుల నుంచి వచ్చినవారు అర్హతతో పాటు విధేయతను కూడా రుజువు చేసుకోవాలి. ఈ రెండో పరీక్ష మనకు కొత్తది కాదు. ఇక ఆ పదవి ప్రధానంగా అలంకారప్రాయమైనది. 2008 డిసెంబరులో అవిశ్వాసాన్ని తప్పించుకోవడానికి పార్లమెంటును ప్రొరోగ్ చేయమని ప్రధాని హార్పర్ కోరినప్పుడు, ఆమె రెండు గంటలకు పైగా చర్చించి చివరకు అంగీకరించారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్న చర్చ నేటికీ ఉన్నది. నా దృష్టిలో ఆమె చేసిన పెద్ద పని రాజభవనంలో కాదు, అంతకు ముందు పదిహేడేళ్ల పాటు న్యూస్‌రూమ్‌లోనే జరిగింది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఇక్కడ కథ తిరగబడి ఉంటుంది. దామోదరం సంజీవయ్య 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. కె.ఆర్. నారాయణన్ 1997లో రాష్ట్రపతి అయ్యారు. అమలాపురం నుంచి గెలిచిన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. తరువాత రామ్‌నాథ్ కోవింద్, ద్రౌపది ముర్ము రాష్ట్రపతి భవన్ చేరారు. మరి న్యూస్‌రూమ్? 1996లో పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్ ఒక విదేశీ విలేకరి కోరిక మీద ఢిల్లీలో దళిత జర్నలిస్టు కోసం వెతికి, ముప్ఫై ఏళ్ల వృత్తి జీవితంలో తనకు అలాంటి సహోద్యోగి ఒక్కరూ తారసపడలేదని గ్రహించి, ఆ సంగతి రాశారు. పదేళ్ల తరువాత, 2006లో అనిల్ చమాడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో 315 మంది కీలక నిర్ణేతల సామాజిక నేపథ్యాన్ని పరిశీలించారు. 71 శాతం హిందూ అగ్రవర్ణ పురుషులు. దళితులు, ఆదివాసులు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ 121 నాయకత్వ స్థానాలను లెక్కించగా 106 అగ్రవర్ణాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు మళ్లీ సున్నా.

దేశ ప్రథమ పౌరుడిగా దళితుడిని అంగీకరించిన సమాజం, రేపటి మొదటి పేజీలో ఏ వార్త ఉండాలో నిర్ణయించే కుర్చీని మాత్రం ఇవ్వలేదు. కారణం స్పష్టమే. రాజకీయానికి ఓట్లు కావాలి, నియోజకవర్గాలకు రిజర్వేషన్ ఉన్నది. న్యూస్‌రూమ్‌కు ఈ రెండూ లేవు. అక్కడ నియామకాలు తెలిసినవారి ద్వారా, బంధువుల ద్వారా, ‘మనవాడే’ అన్న ఒక్క మాట మీద జరుగుతాయి.

తెలుగులో ఒకనాడు వేరే అవకాశం కనిపించింది. గుర్రం జాషువా 1957 నుంచి 1959 వరకు ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. 1964లో శాసనమండలి సభ్యులయ్యారు. ప్రభుత్వ రేడియోలో కనీసం ఉద్యోగ నియామకాలకు నిబంధనలున్నాయి. 1995 నుంచి ప్రైవేటు ఉపగ్రహ చానళ్లు వచ్చాక మన వార్తా ప్రపంచం విస్తరించింది, ఆ నిబంధనలు మాత్రం బయటే ఉండిపోయాయి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పినది కూడా అదే 1995లోనే.

పాత్రికేయులు పదవులు స్వీకరించవచ్చునా అని మన మేధావులు అప్పుడప్పుడు వాదించుకుంటారు. నార్ల వెంకటేశ్వరరావు రాజ్యసభలో కూర్చున్నారు, కులదీప్ నయ్యర్ లండన్‌లో హైకమిషనర్‌గా పనిచేశారు, హరివంశ్ రాజ్యసభ ఉపాధ్యక్షులయ్యారు. నైతికంగా అది చర్చించదగినదే. కానీ ఆ చర్చ తలుపు లోపల ఉన్నవారిది. పాత్రికేయ వృత్తిలోకే రానివ్వని వారికి ఆ వృత్తి నుంచి పదవికి వెళ్లడంలోని ధర్మసంకటం ఎలా ఎదురవుతుంది?

నా విద్యార్థిని ఒకరు, మాదిగ కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి, కొన్నేళ్ల క్రితం ఒక చానల్‌లో వార్తలు చదివే ఉద్యోగానికి వెళ్లింది. గొంతు బాగుందన్నారు. ఇంటిపేరు అడిగారు, ఊరిలో ఇల్లు ఎటువైపు అని అడిగారు, చివరకు ‘యాస’ కుదరదన్నారు. అదే వారం అదే యాసతో ఒక యాంకర్ ఆ చానల్‌లో హాస్య కార్యక్రమం నడిపారని ఆమె నాతో నవ్వుతూ చెప్పింది.

చానళ్లకు అప్‌లింకింగ్ అనుమతులు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వమే. ప్రకటనల రూపంలో ప్రజాధనం ఇచ్చేది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలే. ఆ దరఖాస్తులో ఒక అదనపు పేజీ చేర్చి, మీ సంపాదక, యాంకరింగ్ సిబ్బందిలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు ఎందరు అని అడగడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు. జవాబును బహిరంగంగా ప్రచురించమనడానికి ఖజానా నుంచి రూపాయి ఖర్చు కాదు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు రెండూ కులగణన గురించి, సామాజిక న్యాయం గురించి మాట్లాడుతున్నాయి. తాము ప్రకటనలిచ్చే సంస్థల నుంచే ఈ లెక్కను మొదలుపెట్టవచ్చు.

ఆ అమ్మాయి ఇప్పుడు గ్రూప్-1కు చదువుతున్నది. అక్కడ రోస్టర్ ఉన్నది కదా సార్, అన్నది.