బొమ్మల కొలువులో రైలింజన్

మొన్న సంక్రాంతికి నంద్యాలలో మా అన్నయ్యవాళ్లింట్లో పేరంటం. కొలువు మెట్లమీద కొండపల్లి ఏనుగు అంబారీ, ఏటికొప్పాక లక్కపిడతలు, వాటి మధ్యన జానెడు పొడవున ఓ ఎలక్ట్రిక్ రైలింజన్!

"ఇది అన్నయ్య అద్దాల బీరువాలోది కదూ?" అన్నాను.

"ఔను. పదేళ్లుగా దుమ్ము దులిపేది నేనే కదా! మూడ్రోజులు నా కొలువులో కూచుంటే అరిగిపోతాదా ఏమి?" అంది వదిన.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. రైళ్ల పిచ్చి ఉన్న మగవాళ్లు అసలు ఇంజన్‌లో 87వ వంతుండే నమూనాలు కొంటే అది హాబీ. తమలాంటి అభిమాని పేరు నిలిచేలా ప్రత్యేకంగా ఓ నమూనా చేయించుకుంటే అది గౌరవం. తప్పని అనను. పుణెలో భావూ జోషీగారు బుల్లి రైళ్లతో 1998లో ఏకంగా మ్యూజియమే పెట్టారు. మెచ్చుకోవాల్సిందే. మరి అమ్మమ్మ నుంచి అమ్మకూ, అమ్మ నుంచి మనకూ వచ్చిన బొమ్మల పెట్టెనో? అటకమీది సామాను!

తమాషా ఏమిటంటే, బొమ్మ రైళ్లకు ప్రపంచమంతా పేరున్న జర్మనీ మార్క్‌లిన్ కంపెనీ 1859లో మొదలైంది రైళ్లతో కాదు, ఆడపిల్లలు ఆడుకునే రేకు వంటసామానుతో. స్థాపించినాయన 1866లో పోతే, ఆయన భార్య కరోలినే ఊరూరా తిరిగి సరుకు అమ్మి వ్యాపారాన్ని నిలబెట్టింది. కీ ఇస్తే పట్టాలమీద తిరిగే రైలు ఆ కంపెనీ నుంచి వచ్చింది 1891లో. ఆవిడ అన్నేళ్లు నెట్టుకు రాకపోతే అన్నయ్య బీరువాలో ఏముండేదో!

ఆ పేరంటంలోనే మా మేనకోడలు ఇంజన్ మీద చెయ్యి వేయబోతే ఎవరో పెద్దావిడ, "ఆడపిల్లవి, నీకెందుకే రైలు?" అనేసింది. సతారా జిల్లా నుంచి వచ్చిన సురేఖా యాదవ్ ఆసియాలోనే తొలి మహిళా రైలు డ్రైవరై, 2023లో వందే భారత్ కూడా నడిపి, 2025లో రిటైరయ్యింది. ఈ కబురు ఆ పెద్దావిడదాకా ఇంకా రాలేదన్నమాట.

మా పుట్టిల్లు ఆళ్లగడ్డ. రైలు చూడాలంటే నంద్యాల బస్సెక్కాల్సిందే. 2016లో నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు రైలొచ్చినా అది బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా పోయిందిగానీ మావైపు తొంగిచూడలేదు. అయితేనేం, రాతిలో ప్రాణం పోసే శిల్పులున్న ఊరు మాది. దేవుళ్లను, నాయకులను చెక్కుతున్న ఆ చేతులతో సురేఖ పేరిట ఓ చిన్న ఇంజన్ చెక్కించాలని నా కోరిక. చెబితే, "రాతి ఇంజనా? కొలువు మెట్లు విరుగుతాయి" అని అన్నయ్య వెటకారం.

విరిగితే బాగు చేయించుకుంటాం. కొలువెత్తి వారమైంది. ఆ ఇంజన్ మాత్రం ఇంకా బీరువాలోకి వెళ్లలేదు, మేనకోడలి పుస్తకాల గూట్లో ఉంది. దుమ్ము అదే దులుపుకుంటోంది.