మన పిల్లలకు ఈత నేర్పుదాం

గల్ఫ్ దేశాల్లోనూ హైదరాబాదులోనూ ఉండి ఈ మాటలు చదువుతున్న మన ఊరి బిడ్డలారా, ఈ వారం రాస్తున్నది మీరు అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర వదిలి వెళ్లిన పిల్లల గురించే. వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయి గనుక ఇప్పుడే రాయాలనిపించింది.

పోయిన ఏడాది సెలవుల్లో మన సంఘంలో ఒక ఇంట జరిగింది మీకందరికీ తెలుసు. పేరు రాయను. తొమ్మిదేళ్ల బాబు. నలుగురు పిల్లలు కలిసి ఊరి చెరువులో దిగారు. వాళ్లకు తెలిసిన చెరువే. మోకాళ్ల లోతు, తర్వాత నడుము లోతు, ఆ పైన ఒక్క అడుగు వేస్తే రెండు నిలువుల లోతు. అంతకుముందు ఏడాది మట్టి తవ్వుకుపోయిన గొయ్యి అది. నీళ్లు నిండాక పైకి ఏమీ కనబడదు. ముగ్గురు ఏడ్చుకుంటూ ఊళ్లోకి పరుగెత్తుకొచ్చారు. నాలుగోవాడు రాలేదు.

సమాధి దగ్గర నేను ఆ తల్లితో "దేవుని చిత్తం అమ్మా" అన్నాను. ఎన్నో ఇళ్లలో అన్న మాట, అలవాటుగా నోటికి వచ్చేసింది. ఆమె అప్పుడేమీ అనలేదు. ఆదరణ కూడిక అయిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం మందిరం దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఆ గొయ్యి దేవుడు తవ్వాడా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆ చెరువు మట్టి మన మందిరం ఆవరణ మెరక చేయడానికి కూడా వచ్చింది. ట్రాక్టర్ల దగ్గర నిలబడి తోలించింది నేనే.

కాబట్టి ముందు నా ఒప్పుకోలు. ఆ రోజు అన్న మాటను నేను వెనక్కి తీసుకుంటున్నాను. నిర్గమకాండము 21వ అధ్యాయంలో ఒక చట్టం ఉంది. ఎవరైనా గొయ్యి తవ్వి మూత వేయకుండా వదిలేస్తే, అందులో ఎద్దో గాడిదో పడి చస్తే, ఆ నష్టం గొయ్యి తవ్వినవాడే కట్టాలి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఇంకొకటి ఉంది. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ దోషం ఆ ఇంటిమీదికి వస్తుంది. పశువు పడినా లెక్క అడిగిన దేవుడు, పసివాడు పడితే మనల్ని అడగడా? మనం తవ్విన గొయ్యిని ఆయన చిత్తం ఖాతాలో రాయడం న్యాయం కాదు.

ఇది మన ఒక్క ఊరి బాధ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలు. పదిమందిలో తొమ్మిది మంది మనలాంటి పేద, మధ్యస్థాయి దేశాలవాళ్లే. మన దేశంలో 2022లో ప్రభుత్వ లెక్కకెక్కిన మునక మరణాలే 38 వేలకు పైన, అంటే రోజుకు వందమందికి పైగా. ఐక్యరాజ్యసమితి 2021 నుండి జూలై 25ను నీటి మునకల నివారణ దినంగా పెట్టింది. మనం మాత్రం దినపత్రిక లోపలి పేజీలో నాలుగు లైన్లు చదివి, అయ్యో పాపం అనుకుని పేజీ తిప్పేస్తున్నాం.

మన గోదావరి డెల్టాలో నీరు లేని ఊరు లేదు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించిన నాటి నుండి కాలువ మన గుమ్మం ముందే పారుతోంది. మన తాతలకు ఈత ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. గేదెల్ని కడగడానికి వెళ్లి, గేదె తోక పట్టుకుని నేర్చుకున్నారు. మెట్ట ప్రాంతాల్లో, తెలంగాణలో, రాయలసీమలో పెద్దలు పిల్లల నడుముకు ఎండు సొరకాయ బుర్రలో, బెండ్లో కట్టి బావిలో దించేవారు. ఇప్పుడు అక్కడ బావుల బదులు బోర్లు వచ్చాయి. ఇక్కడ ఇంటింటికీ కుళాయి వచ్చింది, పిల్లలు పొద్దున్నే బస్సెక్కి పట్నం బడికి పోతున్నారు. తాతకు ఈత వచ్చు, తండ్రికి అరకొరగా వచ్చు, మనవడికి అసలు రాదు. ఈత పోయింది గాని నీళ్లు పోలేదు. పైగా రొయ్యల చెరువులు, చేపల చెరువులు పెరిగాయి. వాటి గట్లు నిట్టనిలువు. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లకు వేసిన కరెంటు వైర్లు ఇంకో గండం. ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు అందులో ఆడుకున్న పిల్లవాడికి, జూన్‌లో నీళ్లు వదిలాక అదే కాలువ ఎంత వేగంగా లాగుతుందో తెలియదు.

ఈత నేర్పుదాం అంటే మన పెద్దలు రెండు మాటలు అంటున్నారు. మొదటిది, "ఈత నేర్పితే భయం పోయి ఇంకా నీళ్లకు ఎగబడతారు" అని. ఈ మాటలో కొంత నిజం ఉంది, కాదనను. ఈతగాళ్లు కూడా మునిగిపోతారు. అయితే ఆ నలుగురు పిల్లల్లో ఎవరికీ ఈత రాదు, అయినా వెళ్లారు. భయం వాళ్లను ఆపలేదు. ఎండకు ఆగలేని పిల్లవాడు నీళ్లకు వెళ్తాడు. మనకు తెలియకుండా వెళ్లడమా, మన కళ్ల ముందు నేర్చుకోవడమా అన్నదే ప్రశ్న. నేర్పేటప్పుడు ఒంటరిగా దిగకూడదని, పారే నీటిలో దిగకూడదని, లోతు తెలియనిచోట దూకకూడదని కూడా నేర్పుతాం. బండి నేర్పేవాడు బ్రేకు కూడా నేర్పుతాడు కదా.

రెండో మాట, "దేవుడే కాపాడతాడు, ప్రార్థన చేద్దాం" అని. ప్రార్థన చేయవద్దని నేనెలా అంటాను? కానీ అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం ఒకసారి తీసి చదవండి. పౌలు ఉన్న ఓడలో 276 మంది ఉన్నారు. ఒక్క ప్రాణం కూడా పోదని దేవుని దగ్గరనుండి ముందే మాట వచ్చింది. అయినా ఓడ బద్దలవుతున్నప్పుడు శతాధిపతి ఏం చేశాడు? ఈత వచ్చినవాళ్లను ముందు దూకి ఒడ్డుకు పొమ్మన్నాడు, మిగిలినవాళ్లను పలకలు, ఓడ చెక్కలు పట్టుకుని రమ్మన్నాడు. అందరూ బతికారు. దేవుని మాట నెరవేరింది, ఈత ద్వారానూ చెక్కల ద్వారానూ నెరవేరింది. ఆ రోజు ముందు దూకినవాళ్లకు చిన్నప్పుడు ఎవరో ఒకరు ఈత నేర్పే ఉంటారు. తండ్రి కొడుకుకు నేర్పవలసిన వాటిలో ఈత కూడా ఒకటని యూదుల తల్మూదులో పెద్దలు చెప్పి ఉంచారు. విశ్వాసానికీ ఈతకూ గొడవ లేదు.

ఇక ఏ వయసుకు ఏం చేయాలో చెబుతాను. ఐదేళ్ల లోపు బిడ్డకు ఈతను నమ్ముకోవద్దు. ఆ వయసు బిడ్డకు పెద్దవాళ్ల కళ్లే రక్ష. రెండంగుళాల నీళ్లున్న బకెట్టులో కూడా పసిబిడ్డ ప్రాణం పోగలదు. మునిగే బిడ్డ సినిమాలో చూపించినట్టు కేకలు వేయడు, చేతులు ఊపడు. చప్పుడు లేకుండా పోతాడు. కాబట్టి సంపుకు మూత, తొట్టికి మూత, వాడిన బకెట్టు బోర్లించడం, కాలువ వైపు ఉన్న వాకిలికి గడియ పెట్టిన తడిక. ఇవి ఈ వారమే చేయండి. బంగ్లాదేశ్‌లో పరిశీలిస్తే పసిబిడ్డలు ఎక్కువగా పొద్దున తొమ్మిది నుండి మధ్యాహ్నం ఒంటిగంట లోపు, తల్లి ఇంటిపనిలో ఉన్న వేళ మునిగిపోతున్నారని తేలింది. అందుకే అక్కడ ఆ వేళలో బిడ్డల్ని ఒకచోట చేర్చి చూసుకునే ఏర్పాటు చేశారు. మనకు అంగన్‌వాడీ ఉంది. మూడేళ్లు నిండిన బిడ్డను రోజూ పంపండి. గుడ్డు కోసం, పాల కోసమే కాదు, ఆ నాలుగు గంటలు బిడ్డ భద్రంగా ఉంటుంది.

ఆరేళ్లు దాటిన పిల్లలకు ఈత నేర్పవచ్చు. దానికి పట్నంలో ఉన్న ఈత కొలనే కావాలని లేదు. అదే బంగ్లాదేశ్‌లో పల్లె చెరువుల్లోనే వెదురు కర్రలతో వేదిక కట్టి, దాని లోపల నిలబెట్టి నేర్పుతున్నారు. 25 మీటర్లు ఈదడం, 30 సెకన్లు నీటిపై తేలడం వస్తే ఆ బిడ్డ నేర్చుకున్నట్టు లెక్క. మనమూ అలాగే చేయవచ్చు. పారే కాలువలో వద్దు. నీళ్లు నిలకడగా ఉన్నచోట, ముందు పెద్దవాళ్లు దిగి అడుగంతా కాళ్లతో తడిమి చూసి, పిల్లవాడి ఛాతీ లోతు దాటకుండా తాడు కట్టి, దాని లోపలే నేర్పాలి. మొదట నీటిలో ముఖం పెట్టి ఊపిరి వదలడం, తర్వాత వెల్లకిలా తేలడం, ఆ తర్వాతే చేతులు కాళ్లు ఆడించడం. మన మత్స్యకార సోదరుల కంటే ఈ పని తెలిసినవాళ్లు మనకెక్కడ దొరుకుతారు? నేర్పేవాడి దగ్గర ఒకసారికి ముగ్గురు నలుగురు పిల్లలే ఉండాలి. గట్టుమీద ఫోను చూడకుండా తలలు లెక్కపెట్టే మనిషి ఒకరు ఉండి తీరాలి.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. రేవులో బట్టలు ఉతికేది వాళ్లు, తమ్ముడిని చంకనేసుకుని గట్టున తిరిగేది వాళ్లు. ఈత నేర్పేటప్పుడు మాత్రం "ఆడపిల్లకెందుకు" అంటాం. చుడీదార్ వేసుకుని నేర్చుకోవచ్చు. వేరే వేళ పెట్టుకోవచ్చు. మన సంఘంలో ఈత వచ్చిన పెద్దమ్మలు ముగ్గురున్నారు, నేను అడిగాను, నేర్పుతామన్నారు. నీళ్లు ఆడా మగా చూడవు.

ఇంకొక ముఖ్యమైన మాట. ఒకరు మునుగుతుంటే రక్షించబోయి రెండోవారు, మూడోవారు పోవడం మనం ఎన్నిసార్లు వినలేదు? అన్నకోసం తమ్ముడు, బిడ్డకోసం తల్లి. ప్రేమతోనే దూకుతారు, కానీ మునిగేవాడు పట్టుకున్నదాన్ని వదలడు. పిల్లలకు ఇలా నేర్పండి: దూకవద్దు, గట్టిగా అరువు, పెద్దల్ని పిలువు, గట్టుమీద బోర్లా పడుకుని కర్రో చీరో అందించు, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ బిందెనో క్యానునో విసురు. ఆ రోజు మన చెరువు గట్టున ఒక వెదురు గడ, ఒక తాడు ఉండి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

బయటికి తీసిన బిడ్డను తలకిందులుగా వేలాడదీయవద్దు, భుజాన వేసుకుని గిరగిరా తిప్పవద్దు, పొట్ట నొక్కవద్దు. ఉప్పులో పడుకోబెడితే లేస్తాడని ఫోన్లలో తిరిగే మాటలు నమ్మవద్దు. అలా పోయే ప్రతి నిమిషం మెదడుకు గాలి అందని నిమిషమే. ఒకరు 108కి ఫోను చేయాలి. ఇంకొకరు బిడ్డను వెల్లకిలా చదునైన నేలమీద పడుకోబెట్టి, పిలిచినా పలకక ఊపిరి ఆడకపోతే, తల కొంచెం వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి రెండుసార్లు ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కాలి. మళ్లీ రెండు ఊపిర్లు, మళ్లీ 30. వాహనం వచ్చేవరకు ఆపకూడదు. బిడ్డ లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇది చదివితే వచ్చే విద్య కాదు, చేత్తో చేసి నేర్చుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వాళ్లను మన మందిరానికి పిలిచి నేర్పించమని అడుగుదాం.

సంఘ పెద్దలతో మాట్లాడి నేను నాలుగు పనులు అనుకున్నాను. ఈ వేసవి వి.బి.ఎస్.లో పాటలు, కథలు, చేతిపనులతో పాటు రోజూ ఒక గంట నీటి జాగ్రత్తలు ఉంటాయి. తల్లిదండ్రులు ఒప్పుకున్న, ఆరేళ్లు దాటిన పిల్లలకు వి.బి.ఎస్. అయిన తర్వాత ఈత పాఠం ఉంటుంది. మన పిల్లలే కాదు, ఊళ్లో ఏ ఇంటి పిల్లలైనా రావచ్చు. కాలువ రేవులోనూ చెరువు గట్టునా యౌవనస్థులు గడ, తాడు, ట్యూబు పెట్టి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక చూసి వస్తారు. నాలుగోది, ఆ గొయ్యి. పూడ్చమని పంచాయతీకి అర్జీ పెడదాం. అది పూడే వరకు చుట్టూ గుంజలు పాతి ముళ్లకంచె వేసే ఖర్చు మన మందిరమే పెట్టుకోవాలి. మట్టి తెచ్చుకున్నవాళ్లలో మనమూ ఉన్నాం గనుక ఇది కానుక కాదు, బాకీ.

విదేశాల్లో ఉన్న బిడ్డలారా, మీరు డబ్బు పంపుతారని తెలుసు. దానికన్నా ముందు ఈ రాత్రి ఇంటికి ఫోను చేసి, సంపుకు మూత ఉందా అమ్మా అని అడగండి.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు నేను ఇంకా నోటితో జవాబు చెప్పలేదు. మొన్న ఆదివారం ఈ పనుల గురించి ప్రకటన చేసినప్పుడు ఆమె వెనుక వరుసలో కూర్చుని ఉంది. ఆరాధన అయ్యాక వచ్చి, తన రెండో బిడ్డ పేరు రాయించి వెళ్లింది. ఏడేళ్ల పాప.

ప్రభువు మన పిల్లల రాకపోకలను కాపాడును గాక. మన వంతు కాపలా మనం కాద్దాం. ఆమేన్.

మీ పాస్టరు