సెంట్రిఫ్యూజి దగ్గర తొందర కూడదు



2018 డిసెంబరులో ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో పేలుడు జరిగి ఒక పరిశోధకుడు మరణించాడు. అంతటి చోటనే ప్రమాదం తప్పలేదంటే, మన పిల్లలు పనిచేసే చిన్న రక్తపరీక్షశాలల మాట చెప్పనేల?

అక్కడి సెంట్రిఫ్యూజి యంత్రం చూచుటకు చిన్నదే. కాని 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు, ఒక గ్రాము తేడా సుమారు కిలో బరువై ఒక పక్కకు లాగుతుంది. కనుక గొట్టాలను సమాన బరువుతో ఎదురెదురుగా ఉంచవలెను. బేసి గొట్టానికి నీటి గొట్టం జోడు చేయవలెను. పూర్తిగా ఆగనిదే మూత తీయరాదు. లోపల గొట్టం పగిలితే అరగంట మూత ముట్టరాదు.

త్వరగా కానిమ్మని పిల్లలను తరిమే యజమానులు ఈ నాలుగు ముక్కలు కన్నడ, తెలుగు భాషలలో వ్రాయించి యంత్రం ప్రక్కనే అంటించవలెనని మనవి.

మల్లేశ్వరం,
బెంగుళూరు
— ఒక తండ్రి